తొలిసారి వెబ్‌సైటు పెట్టుకునేవారితో యూజబిలిటీ పరీక్ష: ప్రణాళిక దశ డైరీ

మొదటి సమావేశం: ఏం తెలుసుకోవాలి

బెంగళూరులో చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్న తెలుగువారికి పనికివచ్చేలా, వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్ మీద ఒక సిద్ధమైన థీమునూ (సైటు రూపాన్ని నిర్ణయించే అమరిక), దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే ఒక చిన్న పుస్తకాన్నీ తయారుచేయాలని మా బృందం నిర్ణయించుకుంది. బృందమంటే ఆదివారాల్లో కలిసి కూర్చునే ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక డిజైనరు, నేను. పుస్తకం విషయసూచిక దగ్గరే పని ఆగింది. మాకు ఏళ్లుగా అలవాటైన తెర, దాన్ని మొదటిసారి చూసేవారికి ఎలా కనిపిస్తుందో మాలో ఎవరమూ చెప్పలేం. ఎక్కడ ఆగిపోతారో తెలియనిదే ఎక్కడ ఎంత వివరించాలో తేలదు. అందుకని పుస్తకాన్ని పక్కనపెట్టి, ముందు కొత్తవారిని కూర్చోబెట్టి చూద్దామన్న మాటకు అందరం వచ్చాం. ఈ డైరీలో రాస్తున్నది ఆ పరీక్షకు చేసుకుంటున్న ఏర్పాట్ల గురించి మాత్రమే.

మొదట బోర్డు మీద రాసుకున్న ప్రశ్న "వర్డ్‌ప్రెస్ సులువుగా ఉందా?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. వాడకంలో సౌలభ్యం (యూజబిలిటీ) గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-11, 1998లో మొదట వచ్చి 2018లో సవరణ పొందింది. ఫలానా మనుషులు, ఫలానా పని కోసం, ఫలానా పరిస్థితిలో వాడినప్పుడు ఆ పని ఎంతవరకు నెరవేరింది, ఎంత శ్రమతో నెరవేరింది, వారికి ఎంత తృప్తి కలిగింది అన్నవాటినే అది కొలవమంటుంది. మనిషినీ పనినీ పరిస్థితినీ తీసేస్తే ఇక మిగిలేది అభిప్రాయమే. కాబట్టి ప్రశ్నను ఇలా మార్చాం: ఇంతకుముందు ఎన్నడూ వెబ్‌సైటు చేయని ఒక వ్యాపారి, ఎవరి సాయమూ లేకుండా, ఒక్క పూటలో తన దుకాణం పేరు, సరుకులు, ధరలు, ఫోను నంబరు కొనేవారికి కనిపించేలా పెట్టగలరా, ఎక్కడ ఆగిపోతారు, తాము పెట్టింది బయటివారికి కనిపిస్తోందో లేదో వారికి తెలుస్తుందా? ఈ చివరి భాగం నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తోంది. కనిపించని సైటును కనిపిస్తోందనుకుని వందమందికి చిరునామా పంపిన మనిషి మళ్లీ ఆ సాఫ్ట్‌వేరు జోలికి రాడు.

పాత పరీక్షల నుంచి

ఇలాంటి పని మాకన్నా ముందు చేసినవారు ఉన్నారు. 2008లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డ్రూపల్ అనే మరో వెబ్‌సైటు సాఫ్ట్‌వేరు మీద యూజబిలిటీ పరీక్షలు జరిగాయి. 2011 జనవరిలో వచ్చిన డ్రూపల్ 7 నిర్వహణ తెరల మీద ఆ పరీక్షల ప్రభావం ఉంది. వర్డ్‌ప్రెస్ కూడా 2008లోనే తన డ్యాష్‌బోర్డును (సైటును నడుపుకునే లోపలి తెర) వాడుకరులతో పరీక్షించి, ఆ డిసెంబరులో విడుదలైన 2.7 వెర్షన్‌లో దాన్ని కొత్తగా అమర్చుకుంది. ఇప్పటి ఎడిటర్ అంతకన్నా చాలా కొత్తది: పేరా, ఫోటో వంటి ముక్కలను బ్లాకులుగా పేర్చి రాసే బ్లాక్ ఎడిటర్ 2018 డిసెంబరులో 5.0తో వచ్చింది, సైటు మొత్తం రూపాన్ని దిద్దే సైట్ ఎడిటర్ 2022 జనవరిలో 5.9తో వచ్చింది. కాబట్టి పాత ఫలితాలను మా తెరలకు ఆపాదించడం కుదరదు. వాటి నుంచి పద్ధతిని మాత్రం తీసుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. 2003 మేలో వర్డ్‌ప్రెస్ బ్లాగులు రాసుకునే సాధనంగా పుట్టింది. తేదీల వరసలో వచ్చే రాతలు పోస్టులు; ఎప్పుడూ ఒకే చోట నిలిచి ఉండే పేజీలన్నవి 2005లో 1.5తో చేరాయి. నేటికీ డ్యాష్‌బోర్డు మెనూలో పోస్టులు పైన, పేజీలు కింద ఉంటాయి. ప్రత్యేకంగా మార్చకపోతే సైటు మొదటి పుటలో తాజా పోస్టులే కనిపిస్తాయి. బ్లాగు రాసేవారికి ఇది సహజంగా అనిపిస్తుంది. పచ్చళ్ల ధరలు పెట్టుకోవాలనుకున్నవారికి మాత్రం రెండు తలుపులు ఎదురవుతాయి, ఏది తనదో చెప్పే గుర్తు వాటి మీద ఉండదు. పరీక్షలో అన్నిటికన్నా ముందు చూడవలసిన చోటు ఇదేనని రాసిపెట్టుకున్నాను.

ఎవరు కొత్తవారు

"కొత్తవారు కావాలి" అనడం తేలిక. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగు పెట్టుకున్న మనిషి కొత్తవారేనా? ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ రీల్స్ పెట్టే బ్యుటీషియన్? కాలేజీలో హెచ్‌టీఎంఎల్ ఒక పేపరుగా చదివి, ఆ తరువాత ముట్టుకోని పీజీ హాస్టల్ యజమాని? చాలాసేపు చర్చించిన తరువాత, వెబ్‌సైటును తన చేతులతో తయారుచేయడం గానీ, మరొకరు చేసిన సైటులోకి లాగిన్ అయి మార్పులు చేయడం గానీ ఎన్నడూ జరగనివారే మా లెక్కలో కొత్తవారని తీర్మానించాం. సోషల్ మీడియా అనుభవం అడ్డు కాదు, కానీ నమోదు చేసుకోవాలి. ఎందుకంటే అక్కడ "పోస్టు" అంటే ఏమిటో వారికి ఒక స్థిరమైన అర్థం ఉంటుంది, ఆ అర్థంతోనే వారు మా తెర ముందుకు వస్తారు.

ఎంపిక కోసం ఫోనులో అడిగే ప్రశ్నలను నేనే రాశాను. "మీకు కంప్యూటరు వచ్చా?" అని అడిగితే వచ్చే జవాబు పనికిరాదు, మొహమాటస్తులు రాదంటారు, ధైర్యస్తులు వచ్చంటారు. దాని బదులు "పోయిన వారంలో ల్యాప్‌టాప్ మీద ఏం పని చేశారండీ?" అని అడుగుతాం. వర్డ్‌ప్రెస్ పేరు ఎత్తం. వెబ్‌సైటు పరీక్ష అని చెబుతాం తప్ప ఏ సాఫ్ట్‌వేరో చెప్పం, చెబితే ముందురోజు రాత్రి యూట్యూబులో వీడియోలు చూసి తయారై వచ్చేవారు ఉంటారు. అది వారి శ్రద్ధే, కానీ మా పరీక్షకు ఆ శ్రద్ధ అడ్డు.

సమయం విషయంలో డిజైనరు చేసిన సూచన చాలా బాగుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు కాబట్టి మగ్గం పని చేసేవారు, క్యాటరింగ్ వారు, పురోహితులు, మేకప్ చేసేవారు అప్పుడు కాస్త తీరికగా దొరుకుతారు. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం హడావిడిలో ఎవరినీ పట్టుకోలేం. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం, యలహంక ప్రాంతాల్లో పరిచయస్తుల ద్వారా అడగడం మొదలుపెట్టాం. మా బంధువులనూ స్నేహితులనూ మాత్రం తీసుకోం, వారికి "బ్లాగు", "థీమ్" అన్న మాటలు మేమే ఎప్పుడో వినిపించి ఉంటాం.

ఎంతమంది

ఐదుగురు చాలన్న మాట ఈ రంగంలో అందరి నోటా వినిపిస్తుంది. దాని మూలం 1993లో పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండావర్ ఇచ్చిన లెక్క. ఒక్కొక్క వాడుకరి సగటున 31 శాతం సమస్యలను బయటపెడతాడనుకుంటే ఐదుగురితో సుమారు 85 శాతం బయటపడతాయని ఆ సూత్రం చెబుతుంది. 2000లో నీల్సన్ రాసిన వ్యాసంతో అది ప్రచారంలోకి వచ్చింది. మరుసటి సంవత్సరమే జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ పెద్ద వెబ్‌సైట్ల విషయంలో ఐదుగురు ఏమాత్రం సరిపోరని చూపించారు. 2003లో లారా ఫాక్‌నర్ 60 మందిని పరీక్షించి, వారిలోంచి ఐదేసి మందిని యాదృచ్ఛికంగా తీసి చూస్తే, సగటు 85 శాతమే వచ్చినా కొన్ని గుంపులు 55 శాతం దగ్గరే ఆగిపోయాయి. అంటే మనకు దొరికిన ఐదుగురు ఎవరన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

మేము పదిమందిని అనుకున్నాం: రోజూ ల్యాప్‌టాప్ వాడేవారు ఐదుగురు, ఫోను తప్ప మరేదీ వాడనివారు ఐదుగురు. ఈ రెండు గుంపులనూ కలిపి సగటు తీయం. మౌసుతో కుస్తీ పడటం వేరు, సాఫ్ట్‌వేరు అర్థం కాకపోవడం వేరు. రెండూ ఒకే రికార్డింగులో కలిసిపోతే ఏది ఏమిటో ఎవరూ విడదీయలేరు. అందువల్ల రెండో గుంపుకు టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్ ఇవ్వాలని నిర్ణయించాం.

టాస్కుల కాగితం

ఎక్కువ శ్రమ పెట్టింది దీని మీదే, పెట్టవలసింది కూడా దీని మీదేనని నా గట్టి నమ్మకం. తొలి ముసాయిదాలో ఒక టాస్కు ఇలా ఉంది: "ఒక కొత్త పేజీ సృష్టించి, అందులో గ్యాలరీ బ్లాకు చేర్చి, పబ్లిష్ చేయండి." వినడానికి స్పష్టంగానే ఉంది. కానీ పేజీ, గ్యాలరీ, బ్లాకు, పబ్లిష్ అన్న నాలుగు మాటలూ తెర మీద ఉన్నవే. చదివిన మనిషి ఆ మాటలు ఎక్కడున్నాయో వెతికి నొక్కుతూ పోతే పని అయిపోతుంది. తన అవసరం నుంచి మొదలుపెట్టి ఆ మాటల దాకా సొంతంగా వెళ్లగలడా అన్నది తేలనే తేలదు. దారంతా మనమే చెప్పేసి, అతను నడిచాడని సంతోషించినట్టవుతుంది.

అదే టాస్కును తిరగరాశాక ఇలా వచ్చింది: "మీరు అమ్మే వస్తువుల్లో నాలుగింటి ఫోటోలు, ధరలు మీ సైటులో పెట్టండి. మీ దగ్గర కొనే ఒకావిడ తన ఫోనులో తెరిచి చూస్తే అవి కనిపించాలి." ఇందులో సాఫ్ట్‌వేరు మాట ఒక్కటీ లేదు. ధరను ఫోటో కింద రాస్తారా, పట్టికలో వేస్తారా, విడిగా టైపు చేస్తారా అన్నది వారి ఇష్టం. కొనేవారికి ఏ వస్తువుకు ఏ ధరో తెలిస్తే చాలు, టాస్కు పూర్తయినట్టే. ఇలా ప్రతి టాస్కుకూ ఎప్పుడు పూర్తయినట్టు లెక్కించాలో ముందుగానే రాసి పెట్టుకుంటున్నాం. సెషన్ అయ్యాక కూర్చుని తేల్చుకుందామంటే మనసు మెత్తబడి అందరినీ పాస్ చేయిస్తాం.

మిగతావీ ఇదే పద్ధతిలో రాశాం. "ముడిసరుకు ధర పెరిగింది, ఒక వస్తువు ధర యాభై రూపాయలు పెంచండి" అన్నది పెట్టినదాన్ని తిరిగి వెతికి దిద్దగలరా అని చూడటానికి. "ఈ సైటులో మీది కానిది ఏదైనా కనిపిస్తే తీసేయండి" అన్నది, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతి వర్డ్‌ప్రెస్‌లోనూ నమూనాగా వచ్చే "హలో వరల్డ్" పోస్టు, "శాంపిల్ పేజీ" వారి కంటపడతాయా, వాటిని తీసేయడానికి ధైర్యం చేస్తారా అని చూడటానికి. "సైటులో ఎక్కడికి వెళ్లినా అడుగున మీ ఫోను నంబరు ఉండాలి" అన్నది అన్నిటికన్నా కష్టమైనది. అది పేజీలో రాసేది కాదు, సైట్ ఎడిటర్‌లోని ఫుటర్‌లో దిద్దవలసింది. అందుకే దాన్ని చివరికి జరిపాం, మొదట్లోనే ఓడిపోయినట్టనిపిస్తే మిగతా పనుల్లో మనిషి చొరవ తగ్గిపోతుంది. "వచ్చే ఆదివారం సెలవని మీ కస్టమర్లకు తెలియజేయండి" అన్న టాస్కుకు మాత్రం సరైన జవాబు ఇదీ అని పెట్టుకోలేదు. పోస్టు రాస్తారో, ఉన్న పేజీలోనే పైన ఒక వాక్యం చేరుస్తారో చూడాలని ఉంది, మా పుస్తకంలో పోస్టులను ఎక్కడ పరిచయం చేయాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

సైటు ఎక్కడ నడపాలి

ప్రోగ్రామర్ల మొదటి సూచన వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్. హోస్టింగ్ అక్కరలేకుండా బ్రౌజరులోనే మొత్తం నడుస్తుంది, ట్యాబును రీలోడ్ చేస్తే మళ్లీ ఖాళీ సైటు వస్తుంది, ఒక్కొక్కరికీ శుభ్రంగా మొదలుపెట్టవచ్చు. సౌకర్యంగానే ఉంది. కానీ ఆ సైటు వారి ఎదుట ఉన్న బ్రౌజరులోనే ఉంటుంది, పక్కవారి ఫోనులో తెరవలేం. మా టాస్కులన్నీ కొనేవారి ఫోనులో కనిపించడం చుట్టూ అల్లినవి కాబట్టి ప్లేగ్రౌండును వదులుకున్నాం. పదిమందికీ ఒక్కో సబ్‌డొమైను (విడి వెబ్ చిరునామా) ఇచ్చి, ఒకే నమూనా నుంచి కాపీ చేసిన సైటును అందులో పెడతాం. సెర్చ్ ఇంజన్లు ఆ సైట్లను చూపవద్దని సెట్టింగుల్లో గుర్తు పెడతాం, సెషన్ అయ్యాక వారు ఉంచుకుంటామంటే అప్పగిస్తాం, లేకపోతే తొలగిస్తాం.

ఫోటోల సైజు కూడా చూసుకోవలసి వచ్చింది. వర్డ్‌ప్రెస్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ సహజ సెట్టింగులో ఒక్కో ఫైలుకు 2 ఎంబీ వరకే అప్‌లోడుకు వీలుంటుంది, ఈనాటి ఫోను ఫోటోలు చాలావరకు దాన్ని దాటుతాయి. మంచి హోస్టింగ్ సంస్థలు ఆ పరిమితిని పెంచే ఇస్తాయి కాబట్టి మేమూ పెంచాం. సర్వరు అడ్డు తగిలి ఆగిపోవడం మేము వెతుకుతున్న సమస్య కాదు.

భాష, లిపి, సమ్మతి

ఇక్కడ బెంగళూరు ప్రత్యేకత అడ్డొచ్చింది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఈమధ్య వచ్చినవారు తెలుగు చదువుతారు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు వారూ, తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నవారూ ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువుకున్నది కన్నడం. టాస్కుల కాగితం తెలుగులో మాత్రమే ఉంటే వారికి చేతికిచ్చి లాభం లేదు. కాబట్టి తెలుగు, కన్నడం రెండింటిలోనూ అచ్చువేస్తున్నాం, సెషన్ నడిపే మోడరేటరు తెలుగులో చదివి వినిపిస్తారు కూడా. తెర ఏ భాషలో ఉండాలన్నది వేరే చర్చ. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 నుంచి ఒక్కో వాడుకరి తన డ్యాష్‌బోర్డు భాషను తానే ఎంచుకోవచ్చు. అయినా ఈ విడతలో అందరికీ ఇంగ్లీషు తెరే ఇస్తాం. అనువాదం కాని మాటలు తెలుగు తెర మధ్యలో ఇంగ్లీషులోనే వస్తాయి, అప్పుడు మనిషి ఆగింది సాఫ్ట్‌వేరు అమరిక వల్లో అనువాదం వల్లో తెలియదు. తెలుగు తెరకు విడిగా ఒక విడత చేయాలి. దాన్ని వదిలేయకూడదని సమావేశం పుస్తకంలో రాయించాను.

సమ్మతి పత్రం ఒక్క పేజీ దాటకూడదని పట్టుబట్టాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలి, ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని తీసుకోం. రికార్డు చేసేది మా ల్యాప్‌టాప్ తెరనూ మాటలనూ మాత్రమే, ముఖాన్నీ వారి ఫోనునూ రికార్డు చేయం. వాట్సాప్‌లో కొనేవారి పేర్లు, నంబర్లు కనిపిస్తాయి, వారెవరూ మాకు సమ్మతి ఇవ్వలేదు. పారితోషికం ఒక పూట రాబడికి తగ్గకుండా, సెషన్ మొదలుకాక ముందే ఇచ్చేస్తాం. చివర్లో ఇస్తే పూర్తిచేస్తేనే డబ్బు అన్న భావం కలుగుతుంది.

పైలట్

పైలట్‌కు, అంటే అసలు పరీక్షకు ముందు చేసే ప్రయత్నానికి, మాత్రం తెలిసినవారినే కూర్చోబెట్టుకున్నాం, ఈ సెషన్ ఫలితాల్లోకి రాదు. కేఆర్ పురంలో ఇంటి నుంచే పచ్చళ్లు అమ్మే డిజైనరు పిన్నిగారు ఒప్పుకున్నారు. క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న ధరల పట్టికను పక్కన పెట్టుకుని మొదలుపెట్టారు. ఎడిటర్ తెరవగానే పెద్ద అక్షరాల్లో కనిపించిన శీర్షిక గడిలోనే దుకాణం పేరు, ఆ వెంటనే ఆవకాయ, గోంగూర, ధరలు అన్నీ వరసగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశారు. కింద ఉన్న, కొత్త బ్లాకు చేర్చే కూడిక గుర్తు మీదికి బాణం రెండు మూడు సార్లు వెళ్లింది కానీ నొక్కలేదు. ఎందుకు నొక్కలేదని మేము అడగలేదు. తరువాత ఆవిడే అన్నారు: "అది లెక్కలకేమో అనుకున్నానమ్మా." పబ్లిష్ నొక్కాక పక్కన మరో పట్టీ తెరుచుకుని మళ్లీ పబ్లిష్ అడిగినప్పుడు మావైపు తిరిగి "ఒకసారి నొక్కాను కదా, మళ్లీ అడుగుతోందేమిటి?" అన్నారు.

ఒక్క మనిషిని చూసి తీర్మానాలు చేయకూడదు. అయినా ఏర్పాట్లలో మార్చవలసినవి తెలిశాయి. ఫోటోలను ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కు తెచ్చుకోవడానికే చాలా సమయం పోయింది. అది వారి జీవితంలో నిజమైన కష్టమే, కానీ వెబ్‌సైటు సాఫ్ట్‌వేరుది కాదు. కాబట్టి ముందురోజే ఫోటోలు తెప్పించుకుని డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డరులో పెడతాం. తెలుగులో రాయాలనుకునేవారు ఫోనులో మాట్లాడి టైపు చేయించుకుని మాకు పంపితే, ఆ పాఠాన్నీ అదే ఫోల్డరులో ఉంచుతాం. గంటన్నర అనుకున్న సెషన్‌లో ఆఖరి టాస్కుకు ఆవిడ అలసిపోయారు, ఫుటర్ టాస్కుకు ముందు కాఫీ విరామం చేర్చాం.

మోడరేటరు నోరు, నోట్స్ రాసేవారి చేయి

మనసులో అనుకునేది పైకి చెబుతూ పనిచేయమనే పద్ధతికి పరిశోధకులు ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ 1980లో సిద్ధాంతపరమైన ఆధారం ఇచ్చారు. దానిలో కీలకం, కారణాలు అడగకపోవడం. "ఎందుకు నొక్కారు?" అని అడిగితే మనిషి అప్పటికప్పుడు ఒక కారణం అల్లి చెబుతాడు. కాబట్టి మౌనం ఎక్కువైతే "పైకి అనండి" అన్న ఒక్క మాటే వాడతాం. అలవాటుకు ముందుగా, ఇంట్లో కిటికీలెన్నో పైకి చెబుతూ లెక్కపెట్టమంటాం. "ఇది నొక్కనా అమ్మా?" అని అడిగితే "నేను ఇక్కడ లేకపోతే మీరేం చేసేవారండీ?" అనడమే మా జవాబు. "బాగుంది", "కరెక్ట్" అనకూడదు, తల కూడా ఊపకూడదు. మన ఊళ్లలో పెరిగినవారికి, పెద్దావిడ ఇబ్బంది పడుతుంటే చేయి చాచకుండా కూర్చోవడం చాలా కష్టం. అందుకే ఒక హద్దు పెట్టుకున్నాం: ఒకే చోట మూడు వేర్వేరు ప్రయత్నాలు విఫలమైనా, "ఇక నావల్ల కాదు" అన్నా, ఆ టాస్కు అక్కడితో ఆపి, తరువాతిదానికి అవసరమైనంత మేరకు మేమే చేసిపెడతాం.

నోట్సులో "అయోమయపడ్డారు" అని రాయకూడదు. "మెనూలో మూడు పేర్ల మీద బాణం తిప్పి, ఏదీ నొక్కకుండా వెనక్కి వచ్చారు" అని రాయాలి. ప్రతి టాస్కు చివర "ఇప్పుడు కొనేవారికి ఇది కనిపిస్తుందా?" అని అడిగి జవాబు రాసుకున్నాకే, మరో ఫోనులో సైటు తెరిచి వారికి చూపిస్తాం. ఆ జవాబుకూ ఫోనులో కనిపించేదానికీ తేడా వచ్చిన ప్రతి చోటూ మా పుస్తకంలో ఒక అధ్యాయానికి కారణమవుతుంది.

జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ప్రశ్నావళి వాడాలా అన్న చర్చ కూడా జరిగింది. పది వాక్యాలు, ఒకటి అనుకూలంగా మరొకటి ప్రతికూలంగా ఉంటాయి, చివరికి వందలో ఒక అంకె వస్తుంది. ఐదేసి మందికి ఆ అంకె దేనికీ ఆధారం కాదు. పైగా మోడరేటరు ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తుంటే మర్యాద కొద్దీ మంచి మార్కులే వేస్తారు. వద్దనుకున్నాం.

ప్రస్తుతం ఉన్న పరిస్థితి

ల్యాప్‌టాప్ గుంపులో ఐదుగురూ కుదిరారు: కర్రీ పాయింటు నడిపే ఆయన, మగ్గం పని టైలరు, పీజీ హాస్టల్ యజమానురాలు, సంగీతం టీచరు, మిల్లెట్ పిండి అమ్మే ఆమె. ఫోను గుంపులో పురోహితుడు, పూల డెకరేషన్ ఆయన ఒప్పుకున్నారు, ముగ్గురు ఇంకా దొరకాలి. రోజుకు ఇద్దరికి మించి పెట్టుకోం, మధ్యలో నోట్సు సరిచూసుకోవడానికి ఖాళీ ఉండాలి. కన్నడ సమ్మతి పత్రాన్ని ప్రోగ్రామరు వాళ్ల పక్కింటి టీచరమ్మ దిద్దుతున్నారు, అది రాగానే ప్రింటుకు ఇస్తాం. మొదటి సెషన్ మారతహళ్లి కర్రీ పాయింటులో, మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక మూడు గంటలకు. ఆయన దుకాణంలోనే కూర్చుంటాం, నోట్సు డిజైనరు రాస్తుంది, మోడరేటరుగా నేను ఉంటాను.